మా వీధిని నడిపించిన బాతు

నా చొక్కా జేబులో బాతు అరిచింది.

అప్పుడు నా ఎదురుగా కుర్చీలో ఒక పెద్దమనిషి ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టుకుని గోడ మీది అక్షరాల బోర్డు చదువుతున్నాడు. చదవడం ఆపి, "ఇది కూడా బోర్డు మీద ఉందాండీ?" అన్నాడు.

"లేదండీ, అది నన్ను పిలుస్తోంది. మీరు కానివ్వండి."

ఆయన కానిచ్చాడు. నేను పక్కకి తిరిగి ఫోను తీసి చూసుకున్నాను. తెర మీద పసుప్పచ్చ బాతు రెక్కలు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉంది. దాని కింద రెండు ముక్కలు: "ఎండ ఇంతసేపూ మీ కోసమే ఆగింది. ఇక లేవండి మహానుభావా!"

మహానుభావా! ఈ లోకంలో నన్ను అలా పిలిచింది మా ఆవిడ ఒక్కతే. మెచ్చుకోలుగా కాదు. గొడుగు బస్సులో వదిలేసి తడిసి వచ్చినప్పుడు, ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నప్పుడు అలా పిలిచేది. కళ్ళజోళ్ళ కొట్టు నడిపేవాడు కళ్ళజోడు వెతుక్కుంటుంటే అంతకంటే ఏమని పిలుస్తుంది పాపం. ఆవిడతోపాటే ఆ మాటా ఇంట్లోంచి వెళ్ళిపోయిందనుకున్నాను. ఇప్పుడు బాతు నోట తిరిగొచ్చింది.

ఆ బాతు చేత మాట్లాడించేది మా అమ్మాయి. మనుషుల్ని కుర్చీల్లోంచి లేపి నడిపించే యాప్ ఒకటి తయారుచేసే కంపెనీలో పని చేస్తోంది. మనిషి ఏ మాటకి ఫోను తీస్తాడు, ఏ రంగు చూస్తే వేలు ఆగుతుంది, ఎలా అడిగితే లేస్తాడు, ఎలా అడిగితే ముసుగు తన్ని పడుకుంటాడు, ఇదంతా పుస్తకాలు పెట్టుకుని చదివింది.

"సైకాలజీలో అంత చదువూ చదివి చివరికి బాతుకి మాటలు నేర్పుతున్నావుటే?" అంటుంది మా అక్క. మా అక్క మాతోనే ఉంటుంది. ఉంటుంది అనడం కంటే ఏలుతుంది అనడం న్యాయం.

కానీ ఆ బాతుకి మేమిద్దరం ఎంత రుణపడి ఉన్నామో అక్కకీ తెలుసు. వాళ్ళమ్మ పోయాక మా అమ్మాయి నవ్వడం మానేసింది. అడిగినదానికి జవాబు చెప్పేది, పెట్టింది తినేది, అంతే. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం నేనూ అక్కా గిన్నెలు కడుగుతుంటే దాని గదిలోంచి పకపకా నవ్వు వినిపించింది. బాతు చేత ఏదో అనిపించి తనే నవ్వుకుంటోంది. అక్క టక్కున కుళాయి కట్టేసింది. సబ్బు చేతులతో ఇద్దరం అలాగే నిలబడి విన్నాం. ఆ తర్వాత రోజూ గిన్నెలు కడిగేటప్పుడు కుళాయి సన్నగా తిప్పుకోవడం మాకు అలవాటైపోయింది.

కుర్చీలో పెద్దమనిషి సంగతికొస్తే, నేను ఫ్రేములో కటకం పెట్టి "ఇది బాగుందా?" అన్నాను. తీసి మళ్ళీ పెట్టి "ఇది బాగుందా?" అన్నాను.

"రెండోదే నయమండీ. చాలా నయం."

రెండూ ఒకటే కటకం. ఇది మా పనిలో పాత ఎత్తు. మనిషి నిజంగా చూసి చెబుతున్నాడా, నా మొహం చూసి మర్యాదకి చెబుతున్నాడా తేల్చుకోవాలంటే ఒకే కటకాన్ని రెండుసార్లు చూపించాలి. చాలామంది రెండోదే బాగుందంటారు. తర్వాత వచ్చేదాని మీద మనిషికి అదో ఆశ. మా అమ్మాయికి చిన్నప్పుడు ఈ ఆట ప్రాణం. స్టూలెక్కి, కటకం తీసినట్టే తీసి మళ్ళీ అదే పెట్టి, "రెండోది బాగుంది" అని ఎవరైనా అనగానే బల్ల వెనక్కి దూరి నోరు మూసుకుని నవ్వేది.

*

ఆ సాయంత్రం అమ్మాయి మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ఏమైందే? బాతుకి జలుబు చేసిందా?" అంది అక్క, రొట్టె ముక్కలు కోస్తూ.

"ఇప్పుడు రెండు బాతులున్నాయి అత్తా."

"ఒకదానితోనే మీ నాన్న జేబు చిల్లులు పడుతోంది. రెండోది ఎందుకు?"

అమ్మాయి చెప్పింది. జనాన్ని రెండు సగాలు చేశారట. ఒక సగం ఫోన్లలో నవ్వే బాతు. రెండో సగం ఫోన్లలో ఏడ్చే బాతు. ఈ వారం చివరికి ఏ బాతు ఎక్కువమందిని నడిపిస్తే ఆ బాతే ఇకమీదట అందరికీ. ఏడ్చే బాతు పుట్టడానికి కారణం వాళ్ళ పైఅధికారి. మా ఇంట్లో ఆయన పేరు శాతంగారు. ఆకలేస్తే కూడా ఎంత శాతం వేసిందో చెప్పకుండా ఉండడట.

"జనం మెచ్చుకోలుకి లేవరు, నొచ్చుకోలుకి లేస్తారు అంటారాయన. తమ వల్ల ఒక ప్రాణి ఏడుస్తోందంటే కూర్చోలేరట."

"ఆ మాటలు ఎవరు రాశారు?" అన్నాను.

"నేనే. రాయమన్నారుగా."

"నీకెలా వచ్చాయే అలాంటి మాటలు? నువ్వెప్పుడూ అలా మాట్లాడవు."

అమ్మాయి ఒక్క క్షణం వాళ్ళత్త వైపు చూసి, చప్పున రొట్టె వైపు తిరిగింది. "ఎక్కడో విన్నవే నాన్నా."

తర్వాత గొంతు తగ్గించి అంది. "ఏడుపు గెలిస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చేసేది అదే పని. ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇంట్లో కూర్చున్నందుకు బాధపెట్టడం. అది నా వల్ల కాదు. సోమవారం రాజీనామా ఇచ్చేస్తాను."

అక్క చాకు ఆగిపోయింది. గదిలోంచి వచ్చే నవ్వు గురించే తనూ ఆలోచిస్తోందని నాకు తెలుసు.

"నీకు ఏ బాతు వచ్చిందో నాకు చెప్పకు నాన్నా. పరీక్ష పాడైపోతుంది. ఏమీ చెయ్యకు. మామూలుగా ఉండు."

తలూపాను. ఇన్నేళ్ళ బతుకులో అంత దొంగ తలూపుడు ఇంకోటి ఊపలేదు.

*

నా బాతు నవ్వే బాతు. అందులో అనుమానమేముంది? కాబట్టి అది గెలవాలంటే అలాంటి బాతులు మరిన్ని కావాలి, వాటి మనుషులు ఇంకా ఇంకా నడవాలి. మర్నాడు పొద్దున్నే యాప్ అంతా తిప్పి చూస్తే ఒక మూల చిన్న గుడ్డు బొమ్మ కనిపించింది. నొక్కితే "మీ వాళ్ళకి గుడ్డు పంపండి" అని వచ్చింది. మనం పంపిన గుడ్డు అవతలివాళ్ళ ఫోనులో పగిలి బాతు పిల్ల బయటికొస్తుంది. వాళ్ళు నడిచిన కొద్దీ పెరుగుతుంది.

నేను కాలేజీలో జీవశాస్త్రం చదివాను. తల్లి లక్షణాలు పిల్లకెలా వస్తాయో పరీక్షలో బొమ్మలు వేసి మరీ రాసి పాసయ్యాను. నవ్వే బాతు గుడ్డులోంచి నవ్వే బాతే వస్తుంది. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మొదటి గుడ్డు మా అక్కకి పంపాను. రెండోది పక్కన బేకరీ ఆయనకి. మూడోది ఎదురుగా దర్జీ ఆవిడకి. ఫోనులో పంపి ఊరుకుంటే ఎవరు చూస్తారని ప్రతి ఇంటికీ స్వయంగా వెళ్ళి తలుపు కొట్టాను.

అప్పటిదాకా నా బతుకు ఎలా ఉండేదో చెప్పాలి. మెట్లు దిగితే కొట్టు, ఎక్కితే ఇల్లు. మా ఆవిడ పోయాక ఆ మెట్లే నాకు ఊరు, ఆ మెట్లే నాకు విహారం. అందుకే కాబోలు, నన్ను గుమ్మంలో చూసి బేకరీ ఆయన చేతిలోని పిండి ముద్ద కింద పడేశాడు.

"మీరా? ఏం కొంప మునిగింది మాస్టారూ?"

"ఏం మునగలేదండీ. మీ ఫోనులో గుడ్డు ఉంది. పగలగొట్టి, కాస్త నాతో వీధి చివరిదాకా నడవాలి."

ఆయన నా మొహం వంక అదోలా చూశాడు. పొయ్యి వంక చూశాడు. పిండి చేతులు దులుపుకుని, "పదండి" అన్నాడు.

దర్జీ ఆవిడ మెడలో టేపుతోనే వచ్చేసింది. మందుల షాపు ముసలాయన, కొట్టుకి తాళం వేసి మరీ. పోస్టుమాను రోజంతా నడిచేవాడే కదా, గుడ్డు పగిలిన గంటకే అతని బాతు కొండంతై కూర్చుంది. దాంతో అతను ఇంటింటికీ ఉత్తరంతోపాటు బాతునీ చూపించడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మా వీధికి ఏమైందో నేను సరిగ్గా చెప్పలేను. పూనకం అంటే అదే కాబోలు. బేకరీ ముందు వరసలో నిలబడ్డ జనం నిలబడలేదు, ఉన్నచోటే కవాతు చేశారు. దర్జీ ఆవిడ కొలతలు తీసుకుంటూ కొలతలిచ్చే మనిషి చుట్టూ ప్రదక్షిణలు చేసింది. ఆ చొక్కాలు ఎలా కుదిరాయో నేను అడగలేదు. మందుల షాపు ముసలాయన మాత్రలు ఒక్కొక్కటే ఇచ్చి, ఒక్కోదానికీ లోపలికెళ్ళి వచ్చాడు. నేను కూడా ఖాళీగా ఎందుకుండాలని కళ్ళు పరీక్షిస్తూ ఉన్నచోటే అడుగులు వేశాను.

"అక్షరాలు ఎగురుతున్నాయండీ," అంది కుర్చీలో ఉన్నావిడ భయంభయంగా.

"అక్షరాలు కాదమ్మా, ఎగురుతున్నది నేను. మీ చూపు బంగారం."

సాయంత్రం అందరం కలిసి వీధి ఈ చివరినుంచి ఆ చివరికి ఊరేగింపులా నడిచాం. అందరి జేబుల్లోంచీ బాతులు అరుస్తున్నాయి. నాకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నా కూతురి ఉద్యోగాన్ని నా రెండు పాదాలతో మోసుకుపోతున్నట్టుగా ఉంది. ఒక్క మా అక్కే కాస్త వెనక, ఫోను రుమాల్లో చుట్టి చేత్తో పట్టుకుని, ఎవరి మీదో పళ్ళు కొరుకుతూ నడిచింది. ఎవరి మీదైనా పళ్ళు కొరకడం తనకి మామూలే కనక పట్టించుకోలేదు.

*

శనివారం పొద్దున్న వంటింట్లో అక్క ఆ రుమాలు మూట విప్పింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఏం బాతురా నువ్వు నా నెత్తిన పెట్టింది? లేచింది మొదలు ఒకటే సాధింపు!"

"సాధింపా? అది నవ్విస్తుంది కదే అక్కా."

"నవ్విస్తుందా! విను. 'నేనెవరికి కావాలిలే. మీ పనులు మీరు చూసుకోండి.' అది అయిందా? 'ఇంత చేసినా నాకు మిగిలేది ఇదేగా.' అసలు ఇది ఏం చేసిందని? 'ఉంటాన్లే ఒక మూల, మీకు అడ్డు లేకుండా.' ఛీ! ఇలా మాట్లాడే మనిషిని ఇంట్లో ఎవరైనా భరిస్తారుట్రా?"

నేను కుర్చీ పట్టుకున్నాను. అందులో ప్రతి ముక్కా చిన్నప్పట్నుంచీ నేను వింటున్నదే. ఈ వంటింట్లోనే, ఈ గొంతుతోనే. మా అమ్మాయి అలాంటి మాటలు ఎక్కడ విన్నదో అప్పుడు తెలిసింది. బాతు బొమ్మ వైపు చూశాను. కళ్ళ నిండా నీళ్ళు, వేలాడే ముక్కు, భుజం మీద చిన్న మూట.

"అక్కా, అది... అది ఏడ్చే బాతు."

"అదే కదా మొత్తుకుంటున్నాను."

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తాను. బేకరీ ఆయన బాతు ఏడుస్తోంది. దర్జీ ఆవిడ బాతు నవ్వుతోంది. మందుల షాపు ముసలాయన బాతు వెక్కి వెక్కి ఏడుస్తోంది. పోస్టుమాను బాతు, ఆ కొండంత బాతు, కన్నీళ్ళు కూడా కొండంతే. నేను పంపిన గుడ్లలో ఇంచుమించు సగం ఏడుపులే. నేను పరీక్షలో రాసిన జీవశాస్త్రం బాతులకి తెలియదు కాబోలు. ఇన్నాళ్ళూ నేను ఒక చేత్తో నా కూతురి ఉద్యోగాన్ని నిలబెడుతూ రెండో చేత్తో తోసేస్తున్నాను.

పరీక్ష ముగియడానికి ఇంకా ఒక పూట ఉంది. చేయగలిగింది ఒక్కటే తోచింది. కొట్లోంచి కుర్చీలు మోసుకొచ్చి వీధిలో వేశాను.

"ఏడ్చే బాతులవాళ్ళు దయచేసి కూర్చోండి! నవ్వే బాతులవాళ్ళు పరుగెత్తండి!"

"నిన్న నడవమన్నారు కదా మాస్టారూ?" అన్నాడు బేకరీ ఆయన.

"నిన్న నాకు మతి లేదు. కూర్చోండి."

"ఇవాళ ఉందాండీ?" అన్నాడు మర్యాదగా, కూర్చుంటూనే.

దర్జీ ఆవిడ చెప్పులు చేత పట్టుకుని పరుగు లంకించుకుంది. మందుల షాపు ముసలాయన "ఎన్నాళ్ళకి మంచి మాట చెప్పారు" అంటూ రెండు కుర్చీల్లో ఒక్కడే కూర్చున్నాడు. పోస్టుమాను మాత్రం ఉత్తరాలు చూపించి, "నేను కూర్చుంటే ఇవి ఎవరు నడిపిస్తారండీ?" అన్నాడు. అతని ఫోను లాక్కుని కుర్చీలో కూర్చోబెట్టి, అతన్ని పంపించేశాను.

అక్క కూర్చోనంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. నీ బాతు గెలిస్తే అమ్మాయి ఉద్యోగం పోతుంది."

"బాతు కోసం ఎవడు నడిచాడ్రా? దాని గొంతు వినలేక మొదటి రోజే నోరు నొక్కేశాను. తెర మీద వచ్చే ఆ రాతలే కళ్ళబడుతున్నాయి."

"మరి ఎందుకు నడిచావు?"

అక్క చుట్టూ చూసింది. బేకరీ ఆయన ఎందుకో తన పిండి చేతులు పరీక్షగా చూసుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు గుమ్మంలో నిలబడి 'అక్కా, రావే, వీధి చివరిదాకా వెళ్ళొద్దాం' అన్నావు. మరదలు పోయాక నువ్వు ఈ మెట్లు దాటి రావడం అదే మొదలు. రానంటానా? నువ్వు గుడ్డు కోసం పిలిచినా, గాడిద కోసం పిలిచినా వచ్చేదాన్ని. వీళ్ళందరూ అంతే. ఏమయ్యా, అవునా కాదా?"

"నా ఫోనులో అది బాతని నాకింతవరకూ తెలీదండీ," అన్నాడు మందుల షాపు ముసలాయన. "కోడి అనుకుంటున్నా."

వాళ్ళు బాతు కోసం నడుస్తున్నారని నేను, నేను మళ్ళీ నడుస్తున్నానని వాళ్ళు. వారమంతా ఒకళ్ళనొకళ్ళం ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నామో! ఇది తలుచుకుని నవ్వాలో ఏమో తేల్చుకునేలోపు వీధి మలుపులో కారు ఆగింది.

*

మా అమ్మాయి దిగింది. వెనకే పలకలాంటి పెద్ద ఫోను గుండెకి హత్తుకుని, కళ్ళు చికిలించుకుంటూ ఒకాయన. చెప్పక్కర్లేదు, శాతంగారు.

ఏం జరిగిందంటే, వాళ్ళ ఆఫీసులో తెర మీద ఊరంతా చదునుగా ఉందట, మా వీధి ఒక్కటే మొటిమలా లేచిందట. ఎవరో ఫోన్లని కుక్క తోకకి కట్టి మోసం చేస్తున్నారని శాతంగారి అనుమానం. పట్టుకుందామని వచ్చారు. వచ్చి చూస్తే సగం వీధి కుర్చీల్లో కూర్చుని ఉంది, ఒక కుర్చీలో పోస్టుమాను ఫోను ఒంటరిగా ఏడుస్తోంది, మిగతా సగం చెప్పులు చేత పట్టుకుని పరుగెడుతోంది, మధ్యలో నేను ఉత్త కాళ్ళతో.

"నాన్నా?" అంది అమ్మాయి.

దాచలేదు. గుడ్డు దగ్గర్నుంచి కుర్చీల దాకా అంతా చెప్పేశాను.

"గుడ్డుకీ బాతుకీ సంబంధం లేదు నాన్నా! ఎవరికేది రావాలో మెషీను పంచుతుంది. గుడ్డు ఉత్త బొమ్మ!"

"మరి బొమ్మలోనైనా తల్లి పోలిక ఉండొద్దూ?" అన్నాను నీరసంగా.

అమ్మాయి పెదాలు వణికాయి. ఏడుస్తుందనుకున్నాను. అంతలో, ఆపమని ఇంకా ఎవరూ చెప్పలేదు కనక, దర్జీ ఆవిడ మా మధ్యలోంచి రొప్పుతూ దూసుకుపోయింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

శాతంగారు నవ్వలేదు. ఫోను మీద వేలు జరుపుతూ, "మీ వీధిని లెక్కలోంచి నూటికి నూరు శాతం తీసేస్తున్నాను. అయినా సరే, ఏడ్చే బాతే ముందుంది. రవ్వంత. కానీ ముందే," అన్నాడు. ఫోను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. "ఇదిగో, ఈ గీత పైన ఉంది. స్పష్టంగా కనిపిస్తోంది."

ఆయన చికిలించడం నేనూ చూశాను, అమ్మాయీ చూసింది. నేను కళ్ళజోడు గురించి ఆలోచించాను. అమ్మాయి ఇంకేదో ఆలోచించింది.

"సర్, మీకు తలనొప్పి వస్తోందా?"

"ఎనభై శాతం రోజులు."

"ఒక్క నిమిషం లోపలికి రండి. మా నాన్న కొట్టే."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. ముక్కు మీద ఫ్రేము తగిలించింది. నా పెట్టెలోంచి కటకం తీసి పెట్టింది, చేతులు ఇంకా మరిచిపోలేదు. "ఇది బాగుందా సర్?" తీసింది. మళ్ళీ పెట్టింది. "ఇది బాగుందా?"

"రెండోది. అనుమానమే లేదు. రెండోది కనీసం ఇరవై శాతం స్పష్టం."

అమ్మాయి బల్ల వెనక్కి వెళ్ళి వంగింది. నేను తొంగి చూద్దును కదా, అక్కడ కూర్చుని నోరు మూసుకుని భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. చిన్నప్పటి స్టూలు పక్కనే ఉంది.

"ఏమైంది?" అన్నాడు శాతంగారు.

"రెండూ ఒకటే సర్," అంది కళ్ళు తుడుచుకుంటూ లేచి. "ఒకే కటకం."

ఆయన ఫ్రేము తీసి కటకాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. కోపం వస్తుందేమోనని నేను టీ గురించి ఏదో గొణిగాను. ఆయనకి వినపడలేదు. చిన్నపిల్లాడిలా "ఇంకోసారి చెయ్యి," అన్నాడు. ఇంకోసారి చేసింది. మళ్ళీ రెండోదే బాగుందన్నాడు. అప్పుడు నవ్వడం మొదలుపెట్టాడు. అంత సన్నటి మనిషిలోంచి అంత లావు నవ్వు వస్తుందని నేననుకోలేదు.

"సర్, బాతులతో కూడా ఇలాగే చేద్దాం," అంది అమ్మాయి. "రెండు సగాలకీ ఒకే బాతుని పంపుదాం. అప్పుడు కూడా ఒక గీత రవ్వంత పైన కనిపిస్తే..."

"...అసలు తేడా లేనట్టే. నేను కావాలని చూసినట్టే." ఆయన నవ్వు తగ్గించుకున్నాడు. "చేద్దాం. ఒక వారం ఆగు. రాజీనామా ఇస్తావని తొంభై శాతం అనుకుంటున్నా, అదీ ఆపు."

ఆయన శాతాల మనిషే కానీ లెక్కకి ద్రోహం చేసే మనిషి కాదు. నా అదృష్టాల్లో ఒకటిగా దాన్ని కలుపుకున్నాను. ఆ రోజు ఆయనకి సరైన కళ్ళజోడు కూడా కుదిరింది. పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, "ఆకులు విడివిడిగా ఉన్నాయే!" అన్నాడు.

*

ఆ వారం అందరికీ నవ్వే బాతునే పంపారు. రెండు సగాలకీ అదే బాతు, అవే మాటలు. అయినా ఒక గీత రెండోదానికంటే రవ్వంత పైన నిలబడింది. ముందటి వారం ఎంత తేడా ఉందో అంతే తేడా, ఉత్తపుణ్యానికి. ఆ సంగతి చెప్పడానికి శాతంగారు స్వయంగా ఫోను చేశాడు. తను ఓడిపోయినందుకు అంత సంబరపడే మనిషిని నేను చూడలేదు.

"ఏడిపించినా ఒకటే, నవ్వించినా ఒకటే అని తేలిందండీ. అలాంటప్పుడు ఊరికే ఏడిపించడం ఎందుకు, అంటోంది మీ అమ్మాయి. నా దగ్గర జవాబు లేదు. సున్నా శాతం!"

మా వీధి మొటిమని మాత్రం ఆయన మరిచిపోలేదు. బాతు వంద చెబితే లేవనివాళ్ళు గుమ్మంలో మనిషి నిలబడితే లేచారు కదా. అందుకని ఇప్పుడు బాతు తక్కువగా మాట్లాడుతుంది. అప్పుడప్పుడు "పక్కింటివాళ్ళు ఏం చేస్తున్నారో, ఒకసారి తలుపు కొట్టి చూడండి" అని ఊరుకుంటుంది. ఆ మాట రాసేటప్పుడు గదిలోంచి నవ్వు వినిపించలేదు. సన్నగా పాట వినిపించింది. కుళాయి కట్టేసి ఉన్నాం కనక తెలిసింది.

అంతా సుఖంగా ముగిసిందనుకున్న రోజున అక్క ఫోను తీసుకుని అమ్మాయి గది తలుపు బాదింది.

"ఏమే, నా బాతుని ఏం చేశారు?"

"మార్చాం అత్తా. ఇప్పుడు అందరికీ నవ్వే బాతే. బాగుంది కదా?"

"ఏం బాగు! పళ్ళికిలించుకుని నిలబడుతోంది. నా పాత బాతు ఏదీ? మూట సర్దుకుని ఎక్కడికి పోయింది?"

"నువ్వే కదా దాన్ని తిట్టావు?"

"తిడితే? తిట్టినంత మాత్రాన వెళ్ళగొడతారా? పాపం, ఎవరున్నారే దానికి? దాని బాధ అర్థం చేసుకునేదాన్ని నేనొక్కదాన్నేగా. అయినా నేనెవరికి కావాలిలే, మీ ఇష్టం, మీ బాతులు, మీ ఆఫీసులు..."

అమ్మాయి నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటే కొంప మునుగుతుందని ఇద్దరికీ తెలుసు.

"ఇలా ఇవ్వత్తా," అంది అమ్మాయి ఎలాగో గొంతు నిలబెట్టుకుని. శాతంగారితో మాట్లాడింది. ఆయన నూటికి నూరు శాతం ఒప్పుకున్నాడట.

కాబట్టి ఆ ఏడ్చే బాతు మరెవరి దగ్గరా లేదు, మా అక్క దగ్గర తప్ప. సాయంత్రం బేకరీ ఆయన పొయ్యి ఆర్పి వస్తాడు, దర్జీ ఆవిడ టేపు మెడలో వేసుకుని వస్తుంది, మందుల షాపు ముసలాయన కోడిని తీసుకుని వస్తాడు. వీధి చివరిదాకా నడుస్తాం. అక్క ఇప్పుడు ఫోను రుమాల్లో చుట్టడం లేదు, నోరు నొక్కడం లేదు. తెర మీది కన్నీళ్ళు చూసి, "చాల్లే ఏడిచావు, వస్తున్నాగా! ఒక్క పూట ఆలస్యమైతే ప్రపంచం మునిగిపోయినట్టు!" అని దారి పొడుగునా దాన్ని గదమాయిస్తుంది. నా జేబులో బాతు ఒకసారి అరుస్తుంది. నేను తీసి చూడను. ఏమని పిలిచి ఉంటుందో నాకు తెలుసు. "వస్తున్నా" అంటాను.